మూడో రంగు దగ్గర మొరాయించే లినోకట్: ఏ ఇంక్ తీసుకోవాలి, తేడా వస్తే ఏం చేయాలి

లినోలియం ముక్కను చెక్కి, ఇంక్ రాసి, కాగితం మీద అచ్చు వేసే లినోకట్‌లో మొదటి రంగు దాదాపు అందరికీ బాగానే పడుతుంది. రెండోదీ పర్వాలేదు. గొడవంతా మూడో రంగు నుంచే. రోలర్ అదే, కాగితం అదే, చెయ్యీ అదే. అయినా ఇంక్ కింది పొరను పట్టుకోదు, మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది. లేదంటే కలిపినప్పుడు ఒక రంగు, కాగితం మీద ఇంకో రంగు కనిపిస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఇంక్ బ్రాండ్ మార్చడం. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఇప్పుడైతే ఎవరడిగినా ఒకటే చెబుతాను: పొర మీద పొర వేసే లినోకట్‌కి, చెక్క బ్లాక్‌తో వేసే వుడ్‌కట్‌కి ఇంక్ ఎంచుకునేటప్పుడు రంగుల చార్టు తర్వాత చూడండి, ముందు ఆ ఇంక్ ఎలా ఆరుతుందో తెలుసుకోండి.

ఈ మాట నాకు ఒక లకుముకిపిట్ట నేర్పింది. ఐదు రంగుల ప్రింట్. ఒకే బ్లాక్‌ను దశలవారీగా చెక్కుతూ, ఒక్కో దశలో ఒక్కో రంగు అచ్చు వేసుకుంటూ పోయే రిడక్షన్ పద్ధతి. పసుపు, నారింజ, లేత నీలం అయిపోయాయి. త్వరగా ముగించాలన్న తొందరలో ప్రతి పొరలోనూ, ఇంక్‌ను తొందరగా ఆరబెట్టే డ్రైయర్ అనే రసాయనం కాస్త ఎక్కువే కలిపాను. నాలుగోది ముదురు నీలం. కాగితం లేపి చూస్తే రెక్క మీద ఇంక్ తామరాకు మీద నీళ్లలా చిన్న చిన్న పూసలుగా విడిపోయి ఉంది. రెక్క పక్కనే, కింద ఏ రంగూ లేని ఒట్టి కాగితం మీద మాత్రం అదే నీలం నిండుగా, సాఫీగా పట్టుకుంది. అంటే తప్పు ఇంక్‌ది కాదు, కాగితానిదీ కాదు. కింది మూడు పొరలు గాజులా గట్టిపడి పైదాన్ని రానివ్వలేదు. రిడక్షన్‌లో బ్లాక్ అప్పటికే చెక్కేసి ఉంటుంది కాబట్టి మళ్లీ మొదలుపెట్టే దారి లేదు. 18 కాగితాల్లో చివరికి 7 మిగిలాయి.

ముందు దేన్ని చూసి తేల్చుకోవాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆరే తీరు. అవిసె నూనెతో చేసిన ఇంక్ నీళ్లలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టి పొరగా మారుతుంది. అందుకే గాలి ఆడని చోట ప్రింట్లు దొంతరగా పేర్చి పెడితే రోజులు గడిచినా బంకగానే ఉంటాయి. నీటి ఇంక్ ఆరేది నీరు ఆవిరవడం వల్ల, కాగితం పీల్చుకోవడం వల్ల. ఇంకో రకం ఇంక్‌లు ప్రధానంగా కాగితంలోకి ఇంకి మాత్రమే ఆరతాయి. వాటికి కింద పీల్చుకునే కాగితం ఉండాలి. అప్పటికే రెండు మూడు పొరల రంగు ఉంటే ఇంకడానికి చోటే ఉండదు.

రెండోది, ఆరిన పొర పైదాన్ని ఎలా రానిస్తుంది అన్నది. మరీ పచ్చిగా ఉంటే పై అచ్చు దాన్ని ఊడదీసి బ్లాక్‌కి అంటించుకుపోతుంది. మరీ నున్నగా, మెరుస్తూ గట్టిపడితే పై ఇంక్ జారిపోతుంది. ఈ రెండింటి మధ్య, వేలికి అంటకుండా, అయినా మెరుపు లేకుండా ఉండే ఒక స్థితి ఉంటుంది. అచ్చు వేయడానికి అదే అదను. ఆ అదను ఒక్కో ఇంక్‌కి ఎంతసేపు ఉంటుందో తెలిస్తే సగం టెన్షన్ తీరినట్టే.

మూడోది పారదర్శకత, అంటే కింది రంగు పైదానిలోంచి ఎంత కనబడుతుంది అన్నది. పసుపు మీద పారదర్శకమైన నీలం వేస్తే ఆకుపచ్చ కనిపిస్తుంది. ఆకుపచ్చ మీద ఎరుపు వేస్తే గోధుమ రంగు తేలుతుంది. ఇది కొందరికి వరం, కొందరికి విసుగు.

ఇక కడగడం, వాసన, ఇంట్లో చోటు. వీటిని చిన్న విషయాలని తీసిపారేయకండి. వంటగది బల్ల మీద పనిచేసేవాళ్లకు ఇంక్ కడిగే స్పిరిట్ వాసన ఒక్కటి చాలు, ప్రింట్‌మేకింగ్ మానేయడానికి.

| చూడాల్సింది | మామూలు ఆయిల్ ఇంక్ | సబ్బునీటితో కడిగే ఆయిల్ ఇంక్ | నీటి ఇంక్ |
|---|---|---|---|
| రెండు పొరల మధ్య ఆగాల్సింది | 2 రోజుల నుంచి వారం, మందంగా వేస్తే ఇంకా ఎక్కువ | దాదాపు అంతే, కొన్ని రంగులు కాస్త ముందు | అరగంట నుంచి కొన్ని గంటలు |
| ఇంక్ పరిచే పలక మీద ఆరకుండా ఉండేది | గంటల తరబడి | గంటల తరబడి | నిమిషాలు, వేడిలో ఇంకా తక్కువ |
| నాలుగు పొరలు దాటాక | బాగా తట్టుకుంటుంది, మెరుపు పేరుకోవచ్చు | బాగా తట్టుకుంటుంది | రకాన్ని బట్టి కింది పొర కరగొచ్చు |
| పెద్ద నిండు రంగు | సాఫీగా వస్తుంది | సాఫీగా వస్తుంది | చుక్కలు, చారలు పడే అవకాశం ఎక్కువ |
| కడగడం | వంట నూనె, తర్వాత కాస్త స్పిరిట్ | సబ్బు, నీళ్లు | నీళ్లు, ఆలస్యం కాకుండా |

ఆగాల్సిన సమయాలు గదిని బట్టి, కాగితాన్ని బట్టి, పొర మందాన్ని బట్టి మారతాయి. చలి, తేమ రెండూ కలిస్తే ఆయిల్ ఇంక్‌కి ఇక్కడ రాసిన దానికన్నా చాలా ఎక్కువ పడుతుంది.

మామూలు ఆయిల్ ఇంక్

ఐదారు రంగుల రిడక్షన్ చేసేవాళ్లకు నా మొదటి ఓటు దీనికే. పలక మీద గంటల తరబడి ఒకేలా ఉంటుంది కాబట్టి మొదటి ప్రింట్‌కీ ఇరవయ్యో ప్రింట్‌కీ రంగు మారదు. బిగువుగా ఉంటే చుక్క అవిసె నూనె కలిపి వదులు చేయవచ్చు. మరీ జారుగా ఉండి సన్నని గీతలు పూడిపోతుంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపి బిగించవచ్చు. పారదర్శకం కావాలంటే కలపడానికి రంగులేని ఎక్స్‌టెండర్ ఉంది. చేతిలో ఇన్ని పగ్గాలు ఉండే ఇంక్ మరొకటి లేదు.

అయితే ఒక డబ్బాలో ఇంక్ ఆరినట్టు పక్క డబ్బాలోది ఆరదు. రంగు పొడిని బట్టి వేగం మారుతుంది. అంబర్ (umber) లాంటి మట్టి రంగుల్లో మాంగనీస్ ఉంటుంది, అది నూనెను తొందరగా ఆరబెడుతుంది. కార్బన్ నలుపు అయితే బాగా మెల్లగా ఆరుతుంది. నలుపు సాధారణంగా చివరి పొర కావడం మన అదృష్టం, దాని మీద ఇంకేమీ వేయనక్కర్లేదు కదా. నలుపు కలిపి తయారుచేసిన బూడిద రంగు రెండో పొరలోనో మూడో పొరలోనో వస్తే మాత్రం మామూలుగా ఆగే దానికన్నా రెండు రోజులు అదనంగా లెక్కేసుకోండి.

కడగడంలో ఒక మోసం ఉంది. బ్లాక్‌ను వంట నూనెతో తుడిచి, శుభ్రంగా కనబడుతోంది కదా అని వదిలేస్తాం. ఆ నూనె పలచని పొరగా లినో మీద ఉండిపోతుంది. తర్వాతి రంగు మొదటి నాలుగైదు అచ్చుల్లో మరకలుగా పడుతుంది, ఆరడానికీ మొండికేస్తుంది. చివర్లో కాస్త స్పిరిట్‌తోనో, సబ్బు రాసి పిండేసిన గుడ్డతోనో తుడిస్తే ఈ తంటా ఉండదు. ఇంకో మాట, ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి: అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండలా చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతట అవే అంటుకోగలవు. నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి.

సబ్బునీటితో కడిగే ఆయిల్ ఇంక్

కాలిగో సేఫ్ వాష్ అనే బ్రాండ్ ఈ కోవలోదే. ఇదీ నూనె ఇంకే, అలాగే ఆక్సిజన్‌తోనే ఆరుతుంది. సబ్బునీళ్లకు లొంగేలా నూనెను మార్చి తయారుచేస్తారు. పేరులో వాష్ ఉంది కదా అని దీన్ని నీటి ఇంక్ అనుకుని, పలచన చేయడానికి నీళ్లు పోసేవాళ్లను చూశాను. పోయకండి, ఇంక్ విరిగిపోతుంది. ఆరే సమయం విషయంలోనూ చాలామంది మోసపోయేది ఇక్కడే. కడగడం తేలిక కాబట్టి ఆరడం కూడా తొందరగా ఉంటుందనుకుంటారు. అలా ఏమీ ఉండదు.

ఇంట్లో పనిచేసేవాళ్లకు, పిల్లలున్న చోటికి ఇదే సరైనది. మామూలు ఆయిల్ ఇంక్‌తో పోలిస్తే ప్రింట్‌లో తేడా నా కంటికి దొరకదు. బ్లాక్ కడిగేటప్పుడు మాత్రం జాగ్రత్త. లినో వెనక గోనెగుడ్డ అతికించి ఉంటుంది. దాన్ని నీళ్లలో నానబెడితే ముడుచుకుపోయి బ్లాక్ వంకర తిరుగుతుంది, తర్వాతి రంగు రిజిస్ట్రేషన్, అంటే కింది రంగు మీద సరిగ్గా కుదరడం, తప్పుతుంది. చెక్క బ్లాక్ అయితే ఉబ్బుతుంది. తడి గుడ్డతో తుడవండి, కుళాయి కింద పెట్టకండి.

నీటి ఇంక్

దీంట్లో రెండు జాతులున్నాయి, డబ్బా మీద ఎప్పుడూ స్పష్టంగా రాసి ఉండదు. జిగురుతో చేసిన రకం ఆరాక కూడా నీళ్లకు కరుగుతుంది. ఆరిందని దాని మీద తడి రంగు వేస్తే కింది రంగు మెత్తబడి పైదానితో కలుస్తుంది. మీరు పసుపు మీద వేసిన ఎరుపు నారింజలోకి తిరుగుతుంటే, అంచులు మసకబారుతుంటే అనుమానించాల్సింది దీన్నే. యాక్రిలిక్ రకం ఒకసారి ఆరితే కరగదు కానీ, రోలర్ మీదా బ్లాక్ గీతల్లోనూ కూడా అలాగే గట్టిపడుతుంది. మీ దగ్గరున్నది ఏ జాతో తెలుసుకోవడం సులువు: కాగితం మీద రాసి, ఒక రోజు ఆరనిచ్చి, తడి వేలితో రుద్దండి. వేలికి రంగు అంటితే మూడు రంగులకు మించి దాంతో వెళ్లకండి.

ఒకటి రెండు రంగులకు, తరగతిలో ఒక పూటలో ముగించాల్సిన పనికి నీటి ఇంక్‌ను మించింది లేదు. పెద్ద ఆకాశం, పెద్ద గోడ లాంటి నిండు రంగు ప్రదేశాలకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. ప్రింట్ ఒక చివర రోలర్ తిప్పేసరికి రెండో చివర ఆరడం మొదలవుతుంది.

జపాన్ పద్ధతి చెక్క ముద్రణ వేరే లోకం. అక్కడా వాడేది నీటి రంగే, కానీ బియ్యపు జిగురుతో కలిపి, బ్రష్‌తో బ్లాక్ మీద రుద్ది, తడిపిన కాగితంలోకి ఇంకేలా చేస్తారు. రంగు కాగితం మీద పొరగా కూర్చోదు కాబట్టి పైపొర పట్టకపోవడమనే సమస్యే అక్కడ రాదు. రోలర్‌తో వేసే నీటి ఇంక్‌కి ఆ గుణాలను అంటగట్టి ఆశపడకండి.

తెల్ల చుక్కలు వస్తుంటే ఇంక్ మార్చాలా?

ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపిస్తే ఇంక్, కాగితం, ఒత్తిడి, ఈ మూడింటిలో ఏదో తేలాలి. అదే బ్లాక్‌ను అదే ఇంక్‌తో నున్నటి పలచని కాగితం మీద వేసి చూడండి. చుక్కలు పోతే మీ కాగితం గరుకైనది. పోకపోతే, కాగితం సగం లేపి చూసి, మళ్లీ వాల్చి, ఆ సగాన్ని చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. ఆ సగం బాగుపడితే ఒత్తిడి చాలలేదు. అప్పటికీ మారకపోతేనే ఇంక్ గురించి ఆలోచించాలి.

రోలర్ చప్పుడు కూడా చెబుతుంది. సరిపడా ఇంక్ ఉన్నప్పుడు పలక మీద సన్నగా సుయ్‌మని వినిపిస్తుంది. చప్చప్‌మని తడిగా చప్పుడైతే, ఇంక్ మీద నారింజ తొక్కలాంటి గరుకుదనం కనిపిస్తే ఎక్కువైందని అర్థం. పలు రంగుల పనిలో ఇంక్ ఎక్కువవడం తక్కువవడం కన్నా పెద్ద ప్రమాదం. ఒక్కో పొరా కొంచెం మందమైనా ఆరో రంగు వేసేసరికి కాగితం తోలులా తయారవుతుంది.

పై రంగు పట్టడం లేదు: ఆగడమా, అద్దడమా, డ్రైయరా?

కింది పొర ఇంకా పచ్చిగా ఉండటం వల్ల అయితే ఆగడమే ఉత్తమం. ప్రింట్లను తీగ మీద విడివిడిగా వేలాడదీసి, వెలుతురు, గాలి తగలనివ్వండి. తొందరుంటే రెండో మార్గం, అద్దడం: అచ్చు వేసిన వెంటనే శుభ్రమైన న్యూస్‌ప్రింట్ కాగితం పరిచి అరచేత్తో మెల్లగా రుద్ది లేపితే అదనపు ఇంక్ వచ్చేస్తుంది. పొర పలచనవుతుంది, మెరుపు తగ్గుతుంది, మరుసటి పొర చక్కగా పట్టుకుంటుంది. రంగు కొంచెం వెలుస్తుంది. అందుకని ఒక్క ప్రింట్‌ను అద్దితే ఎడిషన్ అంతా, అంటే ఆ బొమ్మ ప్రింట్లన్నీ, అద్దాల్సిందే. డ్రైయర్ కలపడం కన్నా నాకు ఇదే నచ్చుతుంది, డబ్బు ఖర్చూ లేదు.

డ్రైయర్ పనికిరానిదని అనడం లేదు. కోబాల్ట్, మాంగనీస్ డ్రైయర్లు నూనె ఆక్సిజన్‌ను పట్టుకునే వేగాన్ని పెంచుతాయి. 100 గ్రాముల ఇంక్‌కి 1 గ్రాముతో మొదలుపెట్టండి, డబ్బా మీది మోతాదు దాటకండి. ప్రతి పొరలోనూ వేయకండి. మోతాదు మించితే పైభాగం ముందే చర్మంలా గట్టిపడి, లోపల మెత్తగా ఉండిపోతుంది. నా లకుముకిపిట్టకు జరిగింది ఆ గట్టిపడటమే.

పొర ఇప్పటికే గాజులా అయిపోతే పై ఇంక్‌ను కొంచెం బంకగా, బిగువుగా చేసి, పలచగా రెండుసార్లు వేయండి. నున్నటి దాని మీద జారుడు ఇంక్ అసలు నిలవదు. పొర వేలికి బంకగా తగులుతూ ఆగే ఓపిక లేకపోతే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని మెత్తని బ్రష్‌తో పలచగా పూసి, అదనంగా ఉన్నది దులిపేసే వాళ్లున్నారు. పనిచేస్తుంది, కానీ ముదురు రంగుల మీద తెల్లటి మసక కనిపిస్తుంది. పారేయబోయే ప్రింట్ మీద ముందు చూసుకోండి.

పచ్చి మీదే పచ్చి వేయాలనుకుంటే, అదీ సాధ్యమే. కింది ఇంక్ పైదానికన్నా బంకగా ఉండాలి. తిరగబడితే పై బ్లాక్ కింది రంగును లాగేసుకుంటుంది.

ముదురు మీద లేత: తెలుపు కలపడమా, ముందే చెక్కి వదలడమా, ఇంకో బ్లాకా?

ముదురు ఆకుపచ్చ ఆకుల మధ్య ఎర్రటి పండు కావాలి. ఇక్కడే ఎక్కువ మంది రంగు తప్పిందని బాధపడతారు.

తెలుపు కలిపితే కప్పే శక్తి వస్తుంది. టైటానియం తెలుపు బాగా కప్పుతుంది. అయితే ఎరుపులో తెలుపు పడగానే అది గులాబీ వైపు, సున్నం కలిపినట్టు చప్పగా మారుతుంది. మీకు కావలసిన మండే ఎరుపు దాంతో రాదు. అలాంటప్పుడు ముందు ఆ పండు ఉన్నచోట మాత్రమే తెలుపు వేసి, అది ఆరాక పైన స్వచ్ఛమైన ఎరుపు వేస్తే రంగు నిలుస్తుంది. ఒక అచ్చు, కొన్ని రోజులు అదనం.

రెండో దారి ప్లాన్. ఎరుపును ముందు దశలోనే వేసి, పండు ఆకారాన్ని చెక్కి తీసేయడం. తర్వాతి ఆకుపచ్చలేవీ దాని మీద పడవు. రంగు స్వచ్ఛంగా ఉంటుంది, పొర మందం తగ్గుతుంది. ఆకుల కింద కూడా ఎరుపు పడితే ఆకుపచ్చ మురికిగా కనిపిస్తుంది కాబట్టి ఎరుపును పండు ఉన్న చోటే చిన్న రోలర్‌తో రాయడం, లేదా కాగితం కత్తిరించి మిగతా బ్లాక్‌ను కప్పడం చేయాలి. నేను ఎక్కువసార్లు ఈ దారే పడతాను.

మూడోది, ఎరుపుకి ప్రత్యేకంగా ఇంకో చిన్న బ్లాక్. రంగు తప్పితే ఆ ఒక్కటే మళ్లీ వేసుకోవచ్చు, పాత బ్లాక్‌లు భద్రంగా ఉంటాయి. కష్టమంతా రిజిస్ట్రేషన్‌లో ఉంది. 1958లో పాతకాలపు జర్మన్ చిత్రకారుడు క్రానాక్ చిత్రాన్ని చూసి చేసిన స్త్రీ చిత్రానికి పికాసో వేర్వేరు బ్లాక్‌లు చెక్కాడు. ఆ మరుసటి ఏడాదికే ఒకే బ్లాక్‌ను చెక్కుతూ పోయే పద్ధతికి మారాడు. బ్లాక్‌లు ఒకదానికొకటి కుదరడం అంత సులువు కాదని ఆ మార్పే చెబుతుంది. రిడక్షన్‌లో కుదరడం తేలిక, పొరపాటుకు క్షమాపణ లేదు. పలు బ్లాక్‌లలో కుదరడం కష్టం, పొరపాటు సరిదిద్దుకోవచ్చు. రంగు మీద మీకు ఇంకా నమ్మకం కుదరకపోతే పలు బ్లాక్‌ల పద్ధతే మంచిది.

రంగు కలిపేటప్పుడు

పారదర్శకత కావాలంటే తెలుపు ముట్టుకోకండి, ఎక్స్‌టెండర్ వాడండి. 1 భాగం రంగుకి 5 భాగాల ఎక్స్‌టెండర్‌తో మొదలుపెట్టి చూడండి. ఎప్పుడూ లేత దాంట్లో ముదురును చాకు కొనతో కొద్దికొద్దిగా కలపండి. నీలంలో పసుపు పోస్తూ కూర్చుంటే డబ్బా ఖాళీ అవుతుంది, లేత ఆకుపచ్చ మాత్రం రాదు. రంగు మరీ గట్టిగా అరుస్తుంటే నలుపు కాకుండా దాని ఎదురు రంగు చిటికెడు వేయండి: ఎరుపుకి ఆకుపచ్చ, నారింజకి నీలం. కలిపినదాన్ని తెల్ల కాగితం మీద కాదు, అప్పటిదాకా వచ్చిన పొరలున్న పాడైన ప్రింట్ మీద వేలితో పలచగా పూసి చూడండి. అందుకే మొదటి రంగు వేసేటప్పుడే కావలసిన దానికన్నా మూడో వంతు కాగితాలు ఎక్కువ తీసుకోవాలి.

ఎవరికి ఏది

ఇంట్లో, సాయంత్రాలు మాత్రమే పనిచేసేవారికి: సబ్బునీటితో కడిగే ఆయిల్ ఇంక్, వారానికి ఒక రంగు. ఎలాగూ మళ్లీ కూర్చునేది వచ్చే వారమే, ఈలోపు పొర దానంతటదే అదనుకి వస్తుంది.

పిల్లలకు నేర్పేవారికి: నీటి ఇంక్, రెండు రంగులు, వేర్వేరు బ్లాక్‌లు. కింది రంగు లేతది, పైది ముదురుది పెట్టండి. కొంచెం కరిగినా కనబడదు.

ఎడిషన్ వేసి ప్రదర్శనకు పంపేవారికి: మామూలు ఆయిల్ ఇంక్, పొడి కాగితం. తడిపిన కాగితం ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, ఐదు రంగుల రిజిస్ట్రేషన్‌కి అది పనికిరాదు. కాలానికి వెలిసిపోని రంగులేవో డబ్బా మీది గుర్తు చూసి తీసుకోండి.

గడువు నెత్తిన కూర్చున్నవారికి: ఇంక్ మార్చకండి, రంగులు తగ్గించండి. పారదర్శకమైన పసుపు, దాని మీద పారదర్శకమైన నీలం, చివర ముదురు గీతల బ్లాక్. మూడు అచ్చుల్లో నాలుగు రంగులు కనిపిస్తాయి.

ఇప్పుడు మూడో పొర దగ్గర ఆగిపోయి ఉన్నవారు ఈ రాత్రికి ఒక పని చేయండి. పాడైన ప్రింట్ ఒకటి తీసి, రంగు మీద చిన్న న్యూస్‌ప్రింట్ ముక్క పెట్టి, చెంచాతో గట్టిగా రుద్ది లేపండి. ముక్కకు రంగు అంటితే ఇంకో రెండు రోజులు ఆగండి. అంటకపోతే ప్రింట్‌ను దీపం కింద వంచి చూడండి. మెరుపు లేకపోతే రేపు పొద్దున్నే రోలర్ తీయవచ్చు.